శుక్రవారం వియ్యంకుడు

రాజనర్సు గురించి ఎవరైనా అడిగితే నాకు ముందు గుర్తొచ్చేది అతను తలుపు దగ్గర నిలబడే తీరు. లోపలికి రాడు, బయటా ఉండడు. ఆసుపత్రిలో చెప్పులు విప్పక్కర్లేదని పదిసార్లు చెప్పినా విప్పి, గోడవారగా పెట్టి, చేతిలో అరటిపళ్ళ సంచితో "రావచ్చునా బావా?" అని అడిగేవాడు. మంచం మీదున్న మనిషికి నడుము కింద స్పర్శే లేదు. వద్దనుకుంటే లేచొచ్చి తలుపేస్తాడా? అయినా ప్రతి శుక్రవారం అడిగేవాడు. ఆయన "రాండ్రి బావా" అనేదాకా కాలు కదిపేవాడు కాదు. నాకు ఒళ్ళు మండిపోయేది.

నా పేరు సాయికుమారి. మాది భీమవరం పక్క పల్లెటూరు. పదమూడేళ్ళుగా బహ్రెయిన్‌లో నర్సుని. వెన్నుపూస దెబ్బతిన్నవాళ్ళ వార్డు నాది. తెలుగు రోగి ఎవరొచ్చినా నాకే అప్పజెపుతారు, డాక్టరు మాట వాళ్ళకీ వాళ్ళ మాట డాక్టరుకీ చేరవేస్తానని. అలా నా చేతికొచ్చినవాడు లింబాద్రి. ఆయన్ని చూడ్డానికి వచ్చే వియ్యంకుడు రాజనర్సు. నేను చెప్పబోయేది ఈ రెండో ఆయన కథ. మంచం మీదున్న మనిషి కష్టం అందరికీ కనబడుతుంది, ఈయనది ఎవరికీ కనబడలేదు.

రాజనర్సుది మెట్‌పల్లి వైపు ఊరు. పదో తరగతి తప్పి, బోరు బండి మీద రెండేళ్ళు పనిచేసి, ఇరవై మూడో ఏట విమానం ఎక్కాడు. ఊళ్ళో అందరూ 'దుబాయి పోయిండు' అన్నారు. పాతికేళ్ళు దాటినా ఆయన దుబాయి మొహం చూడలేదు. బహ్రెయిన్‌లోనే హిద్ దగ్గర క్యాంపు, స్కాఫోల్డింగ్ పని. అంటే ఇనప గొట్టాలు ఒకదానికొకటి బిగించి, కట్టే భవనాల చుట్టూ మనుషులు నిలబడ్డానికి మంచెలు కట్టడం. భీంగల్ వైపు నుంచి లింబాద్రి కూడా అదే నెలలో వచ్చాడు. ఒకే గది, ఒకే ఇనప మంచం, కింద ఒకరు, పైన ఒకరు. ఇరవై ఏళ్ళకు పైగా "అరేయ్ లింబా", "ఏందిరా నర్సిగా" అని పిలుచుకున్నారు. ఒకరి సబ్బు ఒకరు వాడారు, ఒకరికి జ్వరమొస్తే ఇంకొకరు గంజి కాచారు.

వాళ్ళ పనిలో ఒక పద్ధతి ఉంది. పైకి ఎక్కేముందు ఇద్దరిద్దరు జతగా నిలబడి ఒకరి బెల్టు ఒకరు చూడాలి. బెల్టంటే నడుముకు కట్టేది ఒక్కటే కాదు. భుజాల మీద పట్టీలు, ఛాతీ మీద పట్టీ, రెండు తొడల చుట్టూ పట్టీలు, వాటిని బిగించే బకిళ్ళు. తొడ పట్టీ లోపలికి అరచెయ్యి దూర్చి చూడాలి. అరచెయ్యి పట్టాలి, పిడికిలి పట్టకూడదు. అది చూసి జత షీటు మీద టిక్కు పెట్టి సంతకం చేస్తేగానీ నిచ్చెన ఎక్కనివ్వరు. వీళ్ళిద్దరూ ఆ పనిని రోజూ ఒక తమాషా చేసేవాళ్ళట. ఒకడు చెయ్యి పెట్టి చక్కిలిగిలి పెట్టడం, రెండోవాడు గంతేసి బూతులు తిట్టడం, ఫోర్‌మన్ "యల్లా, యల్లా" అని తొందరపెడుతూ అరవడం.

మూడేళ్ళ కిందట ఆ బూతులు ఆగిపోయాయి. రాజనర్సు కూతురు రమను లింబాద్రి కొడుకు ముఖేష్‌కు ఇచ్చారు. క్యాంపు మిద్దె మీద కూర్చుని ఇద్దరూ కలుపుకున్న సంబంధం. కలిసి సెలవు పెట్టి, ఊరికి వెళ్ళి పెళ్ళి చేసి, వియ్యంకులై తిరిగొచ్చారు. వచ్చిన రోజే రాజనర్సు పై మంచం ఖాళీ చేసి అవతలి మూలకు మారిపోయాడు. కింద వియ్యంకుడు పడుకుని ఉంటే ఆయన తల మీద తన కాళ్ళు ఉండకూడదట. "అరేయ్" పోయి "బావా" వచ్చింది, "నువ్వు" పోయి "మీరు" వచ్చింది. పిల్లల్ని ముడేస్తే స్నేహం గట్టిపడుతుందనుకున్నారు పాపం.

మర్నాడు పొద్దున పని దగ్గర లింబాద్రి చేతులు చాపి నిలబడ్డాడు. రాజనర్సు చెయ్యి భుజం పట్టీ దాకా వెళ్ళింది, ఛాతీ దాకా వెళ్ళింది, అక్కడ ఆగిపోయింది. పిల్లనిచ్చినవాడు పిల్లవాడి తండ్రి తొడ మీద చెయ్యెలా వేస్తాడు? మొహం పక్కకు తిప్పుకుని "అయింది బావా" అని టిక్కు పెట్టాడు. లింబాద్రి కూడా ఈయన్ని రెండడుగుల దూరం నుంచి చూసి టిక్కు పెట్టాడు. అలా దాదాపు మూడేళ్ళు. మొహమాటానికి పోతే కడుపొచ్చిందని మా అమ్మమ్మ ఊరికే అనేది కాదు.

పోయిన నవంబరు రెండో వారంలో ఒక గోదాము పైకప్పు కింద పనిచేస్తుండగా లింబాద్రి కాలు జారింది. తొమ్మిది మీటర్ల ఎత్తు. హుక్కు ఊడలేదు, తాడు తెగలేదు. బెల్టు పైన వేలాడుతూనే ఉంది. తొడ పట్టీలు విప్పి ఉండటంతో మనిషి మాత్రం అందులోంచి జారి నేల మీద పడ్డాడు.

కంపెనీ సేఫ్టీ ఆఫీసరు మణికుమార్ వార్డుకే వచ్చాడు. జత షీటు చూపించి, "పట్టీలు చూసే టిక్కు పెట్టావా?" అని రాజనర్సును అడిగాడు. "సూసిన సార్" అన్నాడు రాజనర్సు. మంచం మీంచి లింబాద్రిదీ అదే మాట. "మా బావ సూసిండు సార్. పట్టీలు మంచిగనే ఉండె. బకిలే ఊడింది." బకిల్ ఊడిందో, అసలు పెట్టలేదో తేలలేదని రాసుకుని మణికుమార్ వెళ్ళిపోయాడు. ఆ తరవాత వచ్చిన ప్రతివాడికీ లింబాద్రి ఆ మాటే చెప్పేవాడు. నాకూ చెప్పాడు. "మా బావ సూడంది నేను నిచ్చెన ఎక్క సిస్టరమ్మా." ఆ మాట వచ్చినప్పుడల్లా రాజనర్సు అరటిపండు తొక్క తీస్తూ కూర్చునేవాడు. తీసిన పండు ఎవరూ తినేవారు కాదు.

ఆ గదిలో టీవీకి ఆటల చానళ్ళు తప్ప ఏవీ సరిగా వచ్చేవి కావు. నవంబరు ఆఖరి శుక్రవారం సాయంత్రం లింబాద్రి రిమోటు నొక్కుతుంటే తెరనిండా మంచు కనబడింది. ఒక కొండవాలు, దాని మీద ఎత్తైన కట్టడం, పైన అడ్డంగా ఒక కడ్డీ. ఆ కడ్డీ మీద, కాళ్ళకు పొడుగాటి చెక్కలు కట్టుకుని ఒక మనిషి కూర్చున్నాడు. కడ్డీ వదిలాడు. గాడిలో జారి, అంచుదాకా వచ్చి, గాల్లోకి లేచాడు. చెక్కలు రెండూ విడదీసి, ముక్కు వాటికి తగిలేంత ముందుకు వాలి, నూట ముప్ఫై మీటర్ల అవతల దిగాడు. పడలేదు. లింబాద్రి రిమోటు గుండె మీద పెట్టుకుని "నిలవడ్డడు!" అని అరిచాడు. వార్డుకొచ్చాక ఆయన గొంతు పెరగడం అదే మొదటిసారి.

మంచు అంటే నాకు చేపల మార్కెట్లో ఐసుగడ్డ తప్ప తెలియదు. ఆయన అడిగిన ప్రశ్నలకు ఫోనులో వెతికి నేర్చుకున్నాను. దీన్ని స్కీ జంపింగ్ అంటారు. నవంబరులో మొదలై మార్చి ఆఖరుదాకా, వారానికో ఊరు. నార్వే, ఫిన్లాండు, జర్మనీ, ఆస్ట్రియా, పోలండు, జపాను. శుక్రవారం అర్హత పోటీ, శని, ఆదివారాలు అసలు పోటీ. అర్హతలో యాభై మంది మిగులుతారు, తక్కినవాళ్ళు ఆ వారానికి పెట్టె సర్దుకోవడమే. దూరానికి కొన్ని మార్కులు, దిగిన తీరుకు కొన్ని. ఎదురుగాలి మనిషిని మోస్తుంది కాబట్టి దానికి మార్కులు కోస్తారు, వెనకగాలి నేలకు నొక్కుతుంది కాబట్టి దానికి కలుపుతారు. గాలికి కూడా లెక్క కట్టే ఆటను నేను అంతకుముందు వినలేదు.

రాజనర్సుకు శుక్రవారమే సెలవు. అందుచేత ఆ కాలమంతా ఆయన అర్హత పోటీలు మాత్రమే చూశాడు. ఎవరు గెలిచారో ఆయనకు తెలియదు, ఎవరు వెనుదిరిగారో తెలుసు. గెలిచినవాళ్ళ సంగతి తరవాతి శుక్రవారం లింబాద్రి చెప్పేవాడు. ఆ పేర్లు ఇద్దరికీ నోరు తిరగక పొడుగోడు, పిట్టముక్కోడు, నవ్వనోడు అని పెట్టుకున్నారు. ముసలోడు అని ఒకడుండేవాడు, నలభై దాటినవాడు. వచ్చిన ప్రతి శుక్రవారం దుమికేవాడు, ప్రతి శుక్రవారం యాభైకి అవతలే మిగిలేవాడు. రాజనర్సు గుర్తుపట్టగలిగిన ఆటగాడు ఆయనొక్కడే.

నేను ఎగిరేవాణ్ణి చూస్తే వాళ్ళిద్దరూ కట్టడాన్ని చూసేవాళ్ళు.

"గా రెయిలింగు సూసిండ్రా బావా? మోకాలెత్తు సుత లేదు."

"అవు బావా. మన ఫోర్‌మన్ అయితే ఎక్కనియ్యడు."

ఆ నాలుగు మాటలప్పుడే వాళ్ళు పాత స్నేహితుల్లా కనబడేవాళ్ళు. మాట అయిపోగానే మళ్ళీ వియ్యంకులు.

ఆ ఆటలో కడ్డీ మీద కూర్చున్నవాడు తన ఇష్టం వచ్చినప్పుడు జారడానికి లేదు. కింద పక్కగా ఒక మంచె మీద కోచ్‌లు జెండాలు పట్టుకుని నిలబడతారు. పచ్చలైటు వెలిగాక, గాలి చూసి, తన కోచ్ జెండా కిందికి దించితేనే వదలాలి. లింబాద్రికి అది మహా నచ్చింది. "సూసినవా సిస్టరమ్మా, గా జెండోడు చెప్పినంకనే దునుకుతడు. నాకు మా బావ లెక్క." రాజనర్సు వెంటనే లేచి, నీళ్ళ సీసా నింపుకొస్తానని బయటికి వెళ్ళాడు. సీసా నిండుగానే ఉంది.

డిసెంబరు మూడో శుక్రవారం నాకు అసలు సంగతి తెలిసింది. ఆ రోజు తెర మీద ఒక కుర్రాడు అందరికంటే దూరం దుమికాడు. కాసేపటికి అతని పేరు పట్టికలోంచి తీసేశారు. సూటు వదులుగా ఉందట. ఆ సూటును ఎలా పరీక్ష చేస్తారో కూడా మధ్యలో చూపించారు. ఒక గదిలో ఆటగాడు చేతులు చాపి, కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడ్డాడు. ఒక పెద్దాయన అతని ముందు వంగి, గజ్జల దగ్గర చెయ్యి పెట్టి గుడ్డ లాగి చూస్తున్నాడు.

"ఏం సూస్తున్నడు సిస్టరమ్మా?" అన్నాడు రాజనర్సు.

"సూటు వదులుగా ఉంటే గాలి పట్టి ఎక్కువ దూరం పోతారంటండి. అందుకని అక్కడ కొలుస్తారు."

"అందరినా?"

"అందర్నీనండీ. ఎంత గొప్పోడైనా సరే, గెలిచినోడైనా సరే."

"సిగ్గు పడరా?"

"ఆటండీ అది. సిగ్గుపడితే ఎలా?" అన్నాను నవ్వుతూ.

ఆయన నవ్వలేదు. లేచి వసారాలోకి వెళ్ళాడు. మందుల బండి తోసుకుంటూ నేను బయటికి వచ్చేసరికి గోడకు నుదురు ఆనించి ఏడుస్తున్నాడు. యాభై ఏళ్ళ మొగాడు, భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. పక్కకు తీసుకెళ్ళి కూర్చోబెడితే మొత్తం చెప్పాడు. మంచం మారడం, మొహం తిప్పుకోవడం, టిక్కులు, అన్నీ.

"చెయ్యి పెట్టకున్నా కండ్లతోనన్న సూసిన అనుకుంటుండు సిస్టరమ్మా ఆయన. నేను కండ్లు సుత అటు తిప్పలే. తిప్పితే ఇప్పి ఉన్నయని కనవడుతుండె. నేనే సంపిన ఆయనను."

"అయితే ఆయనకు చెప్పెయ్యండి. ఈ రోజే."

"మా రమ ఆళ్ళ ఇంట్ల ఉన్నది. అత్త కండ్ల ముంగట తిరిగే పిల్ల. 'మీ నాయన నా మొగని నడుం ఇరగ్గొట్టిండు' అని ఒక్కసారి అన్నదనుకో, నా బిడ్డ ఆ ఇంట్ల ఎట్ల బుక్కెడు అన్నం తింటది?"

అయినా నేను ఊరుకోలేదు. ఆ రోజు మొదలు కనబడ్డ ప్రతిసారీ "చెప్పారా?" అని అడిగేదాన్ని. "వచ్చే శుక్కురారం" అనేవాడు. ఇటు నుయ్యి, అటు గొయ్యి. మధ్యలో అరటిపళ్ళ సంచి పట్టుకుని నిలబడ్డాడు.

కొత్త సంవత్సరం చుట్టూ జర్మనీ, ఆస్ట్రియాల్లో వరసగా నాలుగు పెద్ద పోటీలు జరిగాయి. ఆ పది రోజులూ లింబాద్రి సంబరంగా ఉన్నాడు. "వీళ్ళ ఆట ఒడిసేలోపు నేను లేసి నిలవడ్త సిస్టరమ్మా, సూడు" అన్నాడు. జనవరి రెండో వారంలో డాక్టరు నన్ను పిలిచి, ఆ మాట ఇక అననివ్వొద్దన్నాడు. నేనే చెప్పాను. ఎంత మెత్తగా చెప్పినా అది రెండు ముక్కల్లో అయిపోయే సంగతి. లేవరు, నడవరు. ఆయన విని, దుప్పటి గడ్డందాకా లాక్కుని, "ఖలాస్?" అన్నాడు. నేను తలూపాను. మూడు రోజులు టీవీ పెట్టలేదు. నాలుగో రోజు శుక్రవారం. రాజనర్సు తలుపు దగ్గర నిలబడగానే రిమోటు తీసుకున్నాడు. "మా బావకు ముసలోని ఆట సూడాలె" అన్నాడు. ఆయన మనసు విరిగినా మర్యాద విరగలేదు. ఆ మర్యాదను నిప్పుల్లో పెట్టాలనిపించింది నాకు.

ఫిబ్రవరిలో ఒక శుక్రవారం పిట్టముక్కోడు పడ్డాడు. గాల్లోనే ఒక చెక్క ఊడి, వాలు మీద దొర్లుకుంటూ కిందిదాకా వెళ్ళాడు. స్ట్రెచరు మీద మోసుకుపోతుంటే చెయ్యెత్తి చూపించాడు. జనం చప్పట్లు కొట్టారు. లింబాద్రి ధ్వని తగ్గించాడు. నేను ఆయన కాళ్ళకు కసరత్తు చేయిస్తున్నాను, అంటే నేనే కాళ్ళు ఎత్తి దించుతున్నాను.

"బావా, నేను పడ్డ దినం మీరు ఏడున్నరు?"

"పక్కనే ఉంటి బావా. ఉరికొచ్చిన."

"గంతకు ముందుగాల?"

"పైపు బిగిస్తున్న."

"ఇంకా ముందుగాల. పొద్దుగాల."

నేను కాలు పట్టుకుని ఆగిపోయాను. చెప్పు, చెప్పు, ఇదే సమయం అని మనసులో అరుస్తున్నాను. రాజనర్సు పెదవులు కదిలాయి. చెయ్యి సంచిలోకి వెళ్ళింది.

"అరటిపండు తింటరా బావా?" అన్నాడు.

"వద్దు బావా" అన్నాడు లింబాద్రి. మళ్ళీ ధ్వని పెంచాడు. ఆ రోజు వసారాలో నేను రాజనర్సును తిట్టిన తిట్లు ఇక్కడ రాయను. తలొంచుకుని అన్నీ పడ్డాడు.

మార్చిలో లింబాద్రికి వీపు కింద పుండు పడింది. ఎన్ని సార్లు పక్కకు తిప్పి పడుకోబెట్టినా ఆగలేదు. ఇంటికి పంపేయడమే మంచిదని తేల్చారు. విమానంలో స్ట్రెచరుకు చోటు దొరికింది, మార్చి ఆఖరి శనివారం. ముందురోజు శుక్రవారం, స్లొవేనియాలో ఏడాదికి ఆఖరి కొండ. అన్నిటికంటే పెద్దది. రెండు వందల ముప్ఫై, నలభై మీటర్లు ఎగిరిపోతారు. అక్కడ అర్హత పోటీ గురువారమే అయిపోయింది. రాజనర్సు అసలు పోటీ చూడటం అదే మొదలు.

"ముసలోడు ఏడి బావా?"

"నిన్ననే పోయిండు బావా."

ఒకడు దుమికాడు, ఇంకొకడు దుమికాడు. నేను పుండుకు కట్టు మారుస్తున్నాను. మామూలుగా ఆ పని మొదలెట్టగానే రాజనర్సు బయటికి వెళ్ళిపోయేవాడు. ఆ రోజు వెళ్ళలేదు. కుర్చీలోంచి లేచి, చేతులు కట్టుకుని, గోడకేసి చూస్తూ అన్నాడు.

"బావా, నేను సూడలే."

"ఏంది బావా?"

"పట్టీలు. గా దినమే గాదు. పెండ్లైన కాడికెల్లి ఒక్క దినం సుత సూడలే. ఉత్తగనే టిక్కు పెట్టిన. అటు దిక్కు మొకం సుత తిప్పలే."

తెర మీద ఒకడు గాల్లో ఉన్నాడు. అతను దిగేదాకా లింబాద్రి తెరనే చూశాడు.

"తెల్సు" అన్నాడు.

రాజనర్సు తిరిగి చూశాడు.

"గప్పుడు గజ్జల్ల చెమటకు పుండైంది బావా. పట్టీ ఒరుసుకుంటే పానం పోతుండె. పడ్డనాటికి పది దినాల సంది ఇప్పుకునే ఎక్కుతుంటి. మీకు చెప్పెతందుకు సిగ్గాయె. ఇంకోడు జతకు ఉంటే పట్టుకుంటుండె. మీరు అటు దిక్కు సూడరని తెల్సే ఇప్పుకున్న."

"మరి సూసిండని అందరికి ఎందుకు చెప్పిండ్రు బావా?"

"సూడలేదంటే సార్ ముంగట మీరు అబద్ధాలోడైతరు. పిల్లనిచ్చినోని ఇజ్జత్ తీస్తనా?" ఆయన గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "నాలుగు నెలలు సూసిన బావా. శుక్కురారం అచ్చిందంటే, ఇయ్యాల చెప్తడు, ఇయ్యాల చెప్తడు అని. మీరు చెప్తే నేను సుత చెప్పుకుందును. ఇద్దరం ఒక్కకాడ కూసోని ఏడుస్తుంటిమి. మీరు అరటిపండ్లు తెచ్చిండ్రు."

రాజనర్సు నేల మీద కూలబడ్డాడు. నా చేతిలోంచి కట్టు జారిపోయింది. ఈ ఇద్దరిలో ఒక్కడు, ఒక్క పొద్దున, ఒక్క ముక్క సిగ్గు విడిచి మాట్లాడి ఉంటే ఈ మంచం, ఈ పుండు, నేను, ఏవీ ఉండేవి కావు. గట్టిగా ఏడవాలనిపించింది. ఏడ్చాను కూడా, దాచుకోలేదు.

"ఇంటికాడ మాత్రం బకిల్ ఊడింది. గంతే" అన్నాడు లింబాద్రి. "రమ నా ఇంట్ల ఉన్నది. ఇది ఇక్కడ్నే ఒడిసిపోవాలె."

"అట్లనే బావా" అన్నాడు రాజనర్సు, కింద కూర్చునే.

మర్నాడు స్ట్రెచరు వెళ్ళిపోయింది. రాజనర్సుకు ఆ రోజు డ్యూటీ, సెలవివ్వలేదు.

తరవాతి శుక్రవారం ఆయన మళ్ళీ వచ్చాడు. ఆ మంచం మీద అప్పటికే ఎవరో బంగ్లాదేశీ కుర్రాడు ఉన్నాడు. "ఎందుకొచ్చారండీ?" అంటే తెలియదన్నాడు. శుక్రవారం కదా, కాళ్ళు ఇటే వచ్చాయట. వసారా బెంచీ మీద కూర్చోబెట్టి టీ ఇచ్చాను. అప్పుడే ఫోను మోగింది. చంద్రవ్వ, లింబాద్రి భార్య. మాట సరిగా వినబడక రాజనర్సు స్పీకరు పెట్టాడు.

"అన్నా, మంచిగున్నవా? నువ్వు ఉన్నవు గనుకనే ఆయిన పానంతోని ఇల్లు జేరిండు. వారం వారం పోయి కూసున్నవంట గదా. సొంత తమ్ముడు సుత గట్ల సూడడు."

రాజనర్సు "ఊ" అన్నాడు.

"ఇగో, మా ముఖేష్‌గాన్ని కంపెనోళ్ళు ఆయిన జాగల తీస్కుంటరంట. నేను పంప అన్న. గా ఎత్తుల మీదికి ఇంకొకన్ని పంపుదునా? గని నీ జతకే ఏస్తరంటే పంపుత అన్నా. నువ్వు సూస్తవు గద. ఆ బకిల్ పాడుగాను, అది ఊడితె నువ్వు మాత్రం ఏం జేస్తవు? నువ్వు ఉంటే నాకు రంది లేదు."

"బావ ఏమంటున్నడు చెల్లె?"

"ఆయిన ఏమనడు అన్నా. ముఖేష్ మాట తీస్తే గోడ దిక్కు మొకం తిప్పుకుంటడు."

నేను ఆయన మోచెయ్యి పట్టుకుని ఊపాను. వద్దనండి, ఏదో ఒకటి చెప్పండి, వేరే జత అనండి అని గుసగుసగా అన్నాను. ఎందుకు వద్దో చెప్పాలంటే మొత్తం చెప్పాలి. ఫోనులో వెనక ఎక్కడో రమ గొంతు, గిన్నెల చప్పుడు వినబడుతున్నాయి.

"అట్లనే చెల్లె" అన్నాడు.

జూన్‌లో ముఖేష్ వచ్చాడు. కంపెనీ వైద్య పరీక్షలకు రాజనర్సే వెంటబెట్టుకుని మా ఆసుపత్రికి తీసుకొచ్చాడు. ఇరవై ఆరేళ్ళవాడు, తండ్రి పోలికే. మామ కూర్చుంటే తను నిలబడ్డాడు, మామ నడిస్తే రెండడుగులు వెనక నడిచాడు. రక్తం ఇవ్వడానికి కుర్రాడు లోపలికి వెళ్ళగానే నేను రాజనర్సు పక్కన కూర్చున్నాను.

"పని మొదలెట్టాడా?"

"నాలుగు దినాలాయె. నా జతకే ఏసిండ్రు."

"పట్టీలు చూస్తున్నారా? చెయ్యి పెట్టి?"

ఆయన ఒళ్ళో ఉన్న తన అరచేతులకేసి చూసుకున్నాడు. ఇదివరకంటే బాగా చిక్కాడు.

"మొదటి దినం పెట్టవోయిన. మోకాళ్ళ మీద కూసున్న. పిలగాడు అదిరిపడి ఎన్కకు జరిగిండు. 'మామా, మీరు నా కాళ్ళకాడ కూసునుడేంది, నాకు పాపం తగుల్తది' అని కండ్లల్ల నీళ్ళు తీసిండు. సుట్టూత అందరు సూస్తున్నరు."

"అయితే? తరవాత రోజు?"

లోపలి నుంచి ముఖేష్ మోచెయ్యి మడిచి దూది నొక్కుకుంటూ వచ్చాడు. మామ కూర్చుని ఉండటం చూసి గోడ పక్కన నిలబడిపోయాడు.

రాజనర్సు గొంతు బాగా తగ్గించాడు.

"అల్లుడు గదా సిస్టరమ్మా" అన్నాడు.